గిన్నె బరువు తీసేశాక

నోటీసు బోర్డు ముందు నా పక్కన నిలబడ్డవాళ్ళంతా ఏడుపు మొహాలు పెట్టారు. నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. మా అంబులెన్స్ ఆఫీసులో ఫోన్లెత్తే గదిని మూసేస్తున్నారట. మాలో బండెక్కి పని చెయ్యగలిగిన వాళ్ళకి ఉద్యోగం ఉంటుంది, మిగతావాళ్ళు ఇంటికే. బండెక్కాలంటే ఒక పరీక్ష పాసవ్వాలి. ఆరు నెలల గడువు.

ఎన్నో ఏళ్ళుగా నేను ఆ గదిలో కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాను. "ఊపిరి ఆడుతోందా? తలుపు తీసి ఉంచండి, బండి బయల్దేరింది" అంటాను. బండి చేరగానే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో నాకెప్పుడూ తెలీదు. కథ మంచి పట్టులో ఉండగా ఎవరో పుస్తకం లాక్కున్నట్టు రోజుకి పాతికసార్లు మనసు ఉసూరుమంటుంది. నేనే వెళ్ళాలి, నా చేతులతో ఆ మనిషిని ఎత్తి బండిలో పెట్టాలి అని ఎప్పట్నుంచో కోరిక. ఉద్యోగం కావాలి, నిజమే. కానీ ఉద్యోగం కంటే అది ఎక్కువ కావాలి.

పరీక్షలో ఉన్నవి రెండే. ఒకటి మోతపట్టీ. స్ట్రెచర్ మోసేవాళ్ళు నడుముకి కట్టుకునే వెడల్పాటి పట్టీ అది, భుజాల మీదుగా వచ్చే దాని వార్లని స్ట్రెచర్ పిడులకి తగిలిస్తారు. అందరికీ ఒకటే సైజు. దాని బకిల్ పడాలి. రెండోది, మనిషి బరువున్న స్ట్రెచర్ని ఇంకొకరితో కలిసి మూడంతస్తులు మెట్ల మీదుగా ఎక్కించాలి. మధ్యలో ఎక్కడా దించకూడదు.

ఆగలేక అప్పుడే సామాన్ల గదిలోకి దూరి ఒక పట్టీ తీసి కట్టుకు చూశాను. రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి గానీ కలుసుకోలేదు. మధ్యలో బెత్తెడు పొట్ట అడ్డం. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న డ్రైవరుని మేమంతా సైరన్ అని పిలుస్తాం. రహస్యం చెప్పినా మూడు గదులకి వినిపిస్తుంది.

"కూర్చుని కూర్చుని కొవ్వు పట్టిందక్కా నీకు!" అన్నాడు.

"నాకు ఒంటికే పట్టింది. నీకు నోటికి పట్టింది," అన్నాను. "పరీక్షలో రెండో కొస నువ్వే పట్టుకుంటున్నావు. ఇప్పుడే చెప్తున్నా."

వాడు నవ్వి, "నువ్వు పట్టీ పెట్టు, నేను స్ట్రెచర్ పడతా" అన్నాడు.

ఇంటికెళ్ళి చెప్పగానే మా ఆయన నాకంటే ఎక్కువ హుషారైపోయాడు. ఆయనకి తూకాలు బాగుచేసే కొట్టు ఉంది. కూరల దుకాణం కాటాల నుంచి ఆసుపత్రుల్లో పసిపిల్లల్ని తూచే మిషన్ల దాకా అన్నీ ఆయన దగ్గరకే వస్తాయి. ఏ దుకాణానికి వెళ్ళినా ఆయన సరుకు చూడడు, కాటా చూస్తాడు. తూకంలో గింజ తేడా వచ్చినా ఆ పూట అన్నం సహించదు. ఇంత నిక్కచ్చి మనిషి ఒక్క విషయంలో మాత్రం కాకి లెక్కలు చెప్తాడు. నాకూ ఆయనకీ మాటామాటా వచ్చినప్పుడల్లా, "ఈ ఇంటి బరువంతా నా నెత్తి మీదే ఉంది" అంటాడు. నా జీతం కూడా ఈ ఇంట్లోకే వస్తుంది కదా! అది ఆయన ఏ కాటా మీద తూచాడో అడిగి అడిగి విసిగిపోయాను.

"కొలవగలిగింది ఏదైనా తగ్గించగలం," అని మర్నాడే రెండు కాటాలు తెచ్చాడు. నేను ఎక్కి నిలబడేది హాల్లో పెట్టి, పైన రసమట్టం పెట్టి నాలుగు కాళ్ళూ సమంగా సరిచేశాడు. చిన్నది వంటింట్లో పెట్టాడు. దాని మీద చిటికెడు ఉప్పు వేసినా అంకె మారుతుంది.

మా వీధి చివర టైర్ల షాపు పైన ఒక జిమ్ ఉంది. అది నడిపే ఆవిడని అందరూ మాస్టారమ్మ అంటారు. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి. జుట్టు ముడి నడినెత్తిన పెట్టుకుని, ఎదుటివాళ్ళ నడక చూసి మోకాళ్ళ సంగతి చెప్పేస్తుంది.

"కొవ్వు తగ్గడానికా, బలానికా?" అని అడిగింది.

"రెండూ!" అన్నాను.

"మంచిదే. రెండూ ఒకేసారి అవుతాయి. బరువులెత్తు. తిండి కొంచెమే తగ్గించు. ప్రోటీన్ మాత్రం దండిగా తిను, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఒంటి బరువులో కిలోకి గ్రామున్నర పైమాట. నీకు రోజుకి నూట ఇరవై గ్రాములు అనుకో."

నేను సంతోషంతో గాల్లో ఉన్నాను. ఆ మాటల్లో 'కొంచెమే' అన్నది ఎక్కడో జారిపోయింది. 'తగ్గించు' అన్నదీ 'నూట ఇరవై గ్రాములు' అన్నదీ మాత్రం గట్టిగా పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇక మా వంటిల్లు చూడాలి! మా ఆయన చిన్న కాటా మీద ఖాళీ గిన్నె పెడతాడు, మీట నొక్కి సున్నాకి తెస్తాడు. "గిన్నె బరువు తియ్యకుండా తూచేవాణ్ణి దొంగ అంటారు" అని రోజూ చెప్పి మరీ, ఉడికిన కోడిమాంసం ఒక్కో ముక్కా వేస్తాడు. నూట పదహారు, నూట పంతొమ్మిది, నూట ఇరవై మూడు. కత్తితో అంచు చెక్కుతాడు. నూట ఇరవై! ఆ చెక్కిన పీలిక మాత్రం వృథా చెయ్యడం ఎందుకని నోట్లో వేసుకుంటాడు. ఆ నూట ఇరవైలో సగం నాకు మధ్యాహ్నానికి, సగం సాయంత్రానికి. మిగతా కంచమంతా దోసకాయ ముక్కలు, ఆకులు.

"బంగారం తూచినట్టు తూస్తున్నావేంట్రా, కోడి ముక్కల్ని!" అంది మా అత్తగారు. "అమ్మాయ్, ఒక గుడ్డు వేసుకోవే. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"వద్దమ్మా, దాని నూట ఇరవై అయిపోయింది," అన్నాడాయన, నా వాటా గుడ్డూ నా వాటా అన్నమూ తన కంచంలోకి జరుపుకుంటూ.

కానీ ఫలితం చూడండి! హాల్లో కాటా అంకె జారుడుబండ ఎక్కింది. రోజూ పొద్దున్న నేను కాటా ఎక్కగానే మా ఆయన వీధికి వినపడేలా అంకె చదివేవాడు. అత్తగారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చేది. మొదటి నెలలో నేను నేల మీద నడవలేదు. జిమ్‌లో కూడా రాడ్డుకి వారం వారం కొంచెం ఇనుము చేర్చుకుంటూ పోయాను. ఆఫీసులో కనపడ్డవాళ్ళకల్లా నేను బండెక్కేస్తున్నానని చెప్పేశాను.

రెండో నెలలో ఒక రోజు రాడ్డు పైకి రాలేదు.

కొత్త బరువు కాదు. అంతకు ముందు కబుర్లు చెప్తూ ఎత్తిన బరువే. వంగి, పిడికిలి బిగించి లాగాను. నేలకి మేకులేసి కొట్టినట్టు కదల్లేదు. ఇనుము తీసేసి మళ్ళీ లాగాను. మోకాలి దాకా వచ్చి, కళ్ళు బైర్లు కమ్మి, ధడాలున వదిలేశాను. కింద టైర్ల షాపువాడు పైకప్పు కూలిందనుకుని బయటికి పరుగెత్తాడు.

వారమంతా అదే వరస. పైగా నాకు ముక్కు మీద కోపం వచ్చి కూర్చుంది. మామూలుగానే కోపిష్టిదాన్ని, ఇప్పుడు గాలి తగిలినా మండిపడుతున్నాను. మెట్లెక్కితే ఆయాసం. ఇంత బరువు తగ్గినా పట్టీ కొసల మధ్య ఇంకా రెండు వేళ్ళ పైన ఎడం ఉంది. చేతులు చూస్తే పుల్లల్లా అయ్యాయి. పొట్ట మాత్రం ఉడుంపట్టు పట్టింది. బకిల్ పడకపోతే బండి లేదు. బకిల్ పడ్డా, ఈ చేతులతో స్ట్రెచర్ లేవదు. ఒక సాయంత్రం రాడ్డు పక్కన కూలబడి కోపంతో ఏడ్చాను, చిన్నపిల్లలు ఏడ్చినట్టు.

అదృష్టం కొద్దీ ఆ పూట మా ఆయన అక్కడే ఉన్నాడు. జిమ్‌లో కాటా మొరాయిస్తే బాగుచెయ్యడానికి వచ్చి, దాని పొట్ట విప్పి, మరమేకులు పెదాల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

మాస్టారమ్మ వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుంది. "ఏం తింటున్నావే?"

"మీరు చెప్పిందే. రోజూ నూట ఇరవై గ్రాములు."

"నిజంగా? ఈ ఒళ్ళు చూస్తే అలా లేదే."

మా ఆయన మరమేకులు చేతిలోకి ఉమ్మి లేచాడు. రోషం పొడుచుకొచ్చింది. "నేనే స్వయంగా తూస్తానండీ! నూట ఇరవై అంటే నూట ఇరవై. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"ఏం తూస్తారు?"

"ప్రోటీనండీ."

"ప్రోటీన్ ఎక్కడ దొరికింది మీకు, తూచడానికి?"

"అదేనండీ, కోడిమాంసం. ఉడికించి, గిన్నె బరువు తీసేసి..."

మాస్టారమ్మ కాసేపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత పక్కనున్న బల్ల మీదకి వాలిపోయి, ఆ నడినెత్తి ముడి ఊడిపోయేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన తెల్లబోయాడు.

"అయ్యో నా తల్లీ! గిన్నె బరువు తీశారు సరే, నీళ్ళ బరువు ఎవరు తీస్తారు?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఉడికిన మాంసంలో సగం పైన నీళ్ళేనమ్మా. నూట ఇరవై గ్రాముల ముక్కలు తింటే అందులో ప్రోటీన్ ముప్పై అయిదు గ్రాములుంటే గొప్ప. గుడ్డు తూస్తే యాభై గ్రాములు తూగుతుంది, అందులో ప్రోటీన్ ఆరు. మిగతా అంతా మీ భాషలో గిన్నే!"

మా ఆయన మొహంలో ఏం జరిగిందో నేను చూశాను. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తర్వాత అది నమ్మలేక మళ్ళీ మొదటికొచ్చాడు. పెదాలు లెక్క వేసుకుంటున్నాయి. "అంటే... అంటే రెండు నెలలుగా నేను గిన్నెతో సహా తూస్తున్నానన్నమాట!" అన్నాడు. గిన్నె బరువు తియ్యకుండా తూచేవాణ్ణి ఏమంటారో ఆయనకి వేరే చెప్పనక్కర్లేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

మాస్టారమ్మకి జాలేసి, ఈసారి నెమ్మదిగా, అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. "తిండి మరీ కోసేస్తే ఒళ్ళు భయపడుతుంది. కరువొచ్చిన ఇంట్లో ఏం చేస్తారు? సామాన్లు అమ్ముకుంటారు. కండ ఖరీదైన సామాను, ముందు దాని మీదే చెయ్యి పడుతుంది. నువ్వు బరువులెత్తుతున్నావనుకో, ఈ సామాను వాడకంలో ఉంది, అమ్మొద్దు అని చెప్పినట్టు. ప్రోటీన్ తిన్నావనుకో, దాన్ని మరమ్మతు చేసుకోడానికి సరుకిచ్చినట్టు. నీ ఒళ్ళు రోజూ ఖర్చుపెట్టే కేలరీల్లో ఓ మూడొందలో నాలుగొందలో తక్కువ తిను, చాలు. ఆ లోటు కొవ్వు పూడుస్తుంది. నువ్వేమో సగానికి సగం కోసి కూర్చున్నావు. అన్నం లేకపోతే రాడ్డు ఎత్తే ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది?"

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, కానీ ఇది వేరే ఏడుపు. నాలో లోపం లేదు! నాకు చేతకాక కాదు! నాకు ఆకలేసిందంతే. లేచి మా ఆయన భుజం మీద ఒక్కటి చరిచాను. "పదండి ఇంటికి. రెండు నెలల బాకీ తినాలి నేను."

ఆ మర్నాటి నుంచి మా వంటింటికి కళ వచ్చింది. పొద్దున్న గుడ్లూ పాలూ, మధ్యాహ్నం నా అరచెయ్యి కంటే పెద్ద మాంసం ముక్కా చిక్కుళ్ళూ, మధ్యలో గడ్డపెరుగు, సాయంత్రం చేపో పప్పుగింజలో. వాటితో పాటు పళ్ళెంలో మళ్ళీ అన్నం. కుండెడు కాదు, కప్పు. ఇప్పుడు మా ఆయన దేన్ని తూచినా అందులో ప్రోటీన్ ఎంతో మళ్ళీ లెక్క కట్టి గానీ వదలడు. "నీళ్ళు పోగా" అన్నది ఆయన ఊతపదం అయిపోయింది. అత్తగారు సంతోషంతో, "తిను తల్లీ, తిను. వాడి లెక్కలు వాడే తింటాడు" అంటూ నా పక్కనే కూర్చుని గుడ్లు ఒలిచేది.

అయితే హాల్లో కాటా మాకు పెద్ద దెబ్బ కొట్టింది. మొదటి వారంలోనే కిలోకి పైగా పెరిగాను! మా ఆయన అంకె చదవలేదు. ఎండిపోయిన కండలోకి నీళ్ళు తిరిగొచ్చాయి, భయపడకండి అని మాస్టారమ్మ ముందే చెప్పింది. ఆయన మనసు ఒప్పుకుంటేగా! ఆ తర్వాత కూడా అంకె వారాల తరబడి ఉన్నచోటే ఉండిపోయింది. ఆయన కాటా విప్పాడు, బిగించాడు, రసమట్టం మళ్ళీ పెట్టాడు. తన సరుకు మీదే తనకి అనుమానం. కాటా తప్పని తేలితే బాగుండునని ఆయన కోరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"చాల్లెండి! పరీక్షలో నన్ను కాటా ఎక్కించరు. పట్టీ కట్టమంటారు, మెట్లెక్కమంటారు," అన్నాను. కాటా మీద దుప్పటి కప్పేశాను. ఆఫీసు నుంచి పాత మోతపట్టీ ఒకటి అడిగి తెచ్చి తలుపుకి తగిలించాను. ఇకమీదట మా ఇంటి కాటా అదే.

ఏం చెప్పను ఆ రోజుల గురించి! రాడ్డు లేచింది. మళ్ళీ ఇనుము చేర్చాను, మళ్ళీ లేచింది. పాత హద్దు దాటిన రోజు నేను పెట్టిన కేకకి టైర్ల షాపువాడు ఈసారి పరుగెత్తలేదు, కిందనుంచి చప్పట్లు కొట్టాడు. పట్టీ ఎడం రెండు వేళ్ళ నుంచి ఒక వేలికొచ్చింది. తర్వాత ఊపిరి బిగబడితే పట్టీ కొస బకిల్‌కి గీరుకునేది. ఒక ఆదివారం పొద్దున్న ఊపిరి బిగబట్టకుండానే 'టక్' మంది. ఆ చప్పుడుకి అత్తగారి చేతిలో గుడ్డు జారి పగిలింది. "పోతే పోయింది, ఆరు గ్రాములేగా!" అని ఇద్దరం కావలించుకుని గెంతాం. దుప్పటి కింద కాటా అంకె ఎంత చెప్తోందో నేను చూడనే లేదు.

పరీక్ష రోజు వచ్చింది. పట్టీ 'టక్' మంది, ఇంకో వేలు దూరే చోటుంది. సైరన్ గాడు ఈల వేశాడు. నా వంతు ముందు వెళ్ళినవాళ్ళు స్ట్రెచర్ని గోడకి గుద్దడంతో, మనిషికి బదులు దాని మీద పడుకోబెట్టిన ఇసక బొమ్మ కుట్లు విడిపోయి మెట్లన్నీ ఇసకమయం అయ్యాయి. పరీక్ష పెట్టే పెద్దాయన చిరాకుపడుతూ మెట్లు ఊడ్పించి, "ఎవరైనా మనిషి పడుకోవాలి. డెబ్భై కిలోలకి తగ్గకూడదు" అని చుట్టూ చూశాడు.

"మా బావగారున్నారుగా!" అని అరిచాడు సైరన్, నాకు తోడుగా వచ్చి గోడ వారగా నిలబడ్డ మా ఆయన్ని చూపిస్తూ.

"డెబ్భై ఉంటారా?" అని అడిగాడు పెద్దాయన.

"ఉంటానండీ," అన్నాడు మా ఆయన, నేల చూపులు చూస్తూ. గ్రాములతో సహా చెప్పే మనిషి అంత ముక్తసరిగా చెప్పినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆయన్ని పడుకోబెట్టి కట్లు బిగించారు. పై కొస సైరన్, కింది కొస నేను. బరువంతా కింది కొసకే దిగుతుంది, పరీక్ష ఇచ్చేవాళ్ళకి ఎప్పుడూ అదే కొస. ఆయన పాదాలు నా రొమ్ము ముందు, ఆయన మొహం నాకెదురుగా. లేపాం. లేచింది! ఒళ్ళంతా ఉత్సాహం పాకింది. మొదటి అంతస్తు పరుగులాంటి నడకతో ఎక్కేశాం.

మలుపు తిరిగేసరికి ఎక్కడో తేడా కొట్టింది. నేను జిమ్‌లో అలవాటు చేసుకున్న బరువు కాదిది.

"ఏమే," అన్నాడాయన మెల్లగా, "ఒక మాట చెప్పాలి. కోప్పడకు."

"ఇప్పుడా?"

"నేను డెబ్భై కాదు. ఎనభై నాలుగు."

"ఎనభై నాలుగా! ఎప్పట్నుంచి?"

"నువ్వు తినంది అంతా ఎవరు తిన్నారనుకున్నావు?" అన్నాడు. "తర్వాత నువ్వు తినడం మొదలుపెట్టాక, తూచేటప్పుడు అంచులు చెక్కాలి కదా... నువ్వు దుప్పటి కప్పాక, ఎవరూ చూడకుండా నేనే ఎక్కి చూసుకుంటున్నా."

పైనుంచి సైరన్ గాడి నవ్వు మూడంతస్తులూ దద్దరిల్లేలా వచ్చింది. స్ట్రెచర్ ఊగింది. నా చేతులు మండుతున్నాయి, నవ్వూ కోపమూ కలిసి గొంతులో కొట్టుకుంటున్నాయి. "దించమంటావా అక్కా?" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటతో నవ్వు ఆగిపోయింది. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పానో నేను, "వచ్చేస్తున్నారు, కాస్త ఓర్చుకోండి" అని. ఆ వచ్చేవాళ్ళు మధ్యలో దించేస్తే?

"దించేది లేదు! నడువు!" అన్నాను.

రెండో అంతస్తు దాటాం. పళ్ళు బిగించి, మడమలు తొక్కి, ఒక్కో మెట్టూ గెలుచుకుంటూ ఎక్కాను. తొడలు వణికాయి గానీ వంగలేదు. పిడికిళ్ళు జారలేదు. నా ఒంట్లో ఉన్న ప్రతి గుడ్డూ, ప్రతి చేపముక్కా, ప్రతి కప్పు అన్నమూ ఆ మెట్ల మీద నాకు జవాబు చెప్పాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. ఇది నేను చెయ్యగలను. రేపు ఎవరింటికైనా వెళ్ళి చెయ్యగలను.

చివరి మెట్టు ఎక్కి నిలబడ్డాం. పెద్దాయన ఈల ఊదాడు.

మా ఆయన కళ్ళప్పగించి నన్నే చూస్తున్నాడు, చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఇంకేం చెయ్యలేడు. ఆయన మీదకి వంగి అడిగాను. "ఇప్పుడు చెప్పండి. ఇంటి బరువు ఎవరి నెత్తి మీదుంది?"

"నీ చేతుల్లో ఉంది," అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

"ఇక దించొచ్చమ్మా," అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం సార్," అన్నాను పిడికిళ్ళు ఇంకాస్త బిగించి. "ఆయన ఆ మాట ఇంకోసారి, గట్టిగా చెప్పాలి."